ఫ్రాంచైజ్ కాదు, ఫ్రాన్సేజ్

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను అడిగింది "అలయన్స్ ఫ్రాంచైజ్ ఆఫీసేనా అండీ?" అని. రిసెప్షన్‌లో ఉన్నమ్మాయి ఒక్క క్షణం ఆగి, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో "ఆలియాన్స్ ఫ్రాన్సేజ్, చెప్పండి" అంది. ఫ్రెంచ్ భాష నేర్పే సెంటర్ అది. ఇంగ్లీషు అలవాటులో చదివితే ఎవరికైనా నోట్లోంచి ఫ్రాంచైజ్ అనే వస్తుంది. ఆ పేరులో సి అక్షరం కింద చిన్న తోక ఉంటుంది, దాన్ని సెడీయ్ అంటారు, అది ఉంటే 'స' అని పలకాలి. మనకి అక్షరం కింద వత్తులున్నట్టు వాళ్ళకి తోక. ఆ తోక చూసుకోకుండా ఫోన్ చేసినవాళ్ళలో నేను మొదటివాణ్ణీ కాదు, చివరివాణ్ణీ కాదని ఆ అమ్మాయే తర్వాత చెప్పింది.

వెళ్ళిన కారణం కూడా గొప్పదేమీ కాదు. సర్టిఫికెట్ కావాలి. ఫ్రెంచ్ వస్తే కెనడాకి అప్లై చేసేటప్పుడు పాయింట్లు కలుస్తాయని ఎవరో చెప్పారు, సరే ఆరు నెలల్లో ఏదో ఒక పరీక్ష కొట్టేసి వచ్చేద్దాం అనుకున్నాను. (ఆరు నెలలు అనుకున్నందుకు ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.) లోపల ఏముంటుందో కూడా తెలీదు. ఎంబసీకి తోకలాంటి ఆఫీసు అనుకున్నాను, గేటు దగ్గర మెటల్ డిటెక్టర్, లోపల జెండా, సూటు వేసుకున్న ఫ్రెంచివాళ్ళు. తీరా చూస్తే మామూలు రెండంతస్తుల భవనం, మెట్ల పక్కన నోటీసు బోర్డు, ఓ మూల లైబ్రరీ, ఎప్పుడూ ఏదో ఒక బటన్ పనిచెయ్యని కాఫీ మెషీన్. ఫ్రెంచివాళ్ళు ఇద్దరే కనిపించారు, అందులో ఒకరు జిరాక్స్ మెషీన్లో ఇరుక్కున్న కాగితం లాగుతున్నారు.

క్లాసు మొదలైన నిమిషం నుంచి టీచరు ఇంకో భాష మాట్లాడలేదు. మాకు ఒక్క ముక్క రాదని ఆవిడకి తెలుసు, అయినా ఫ్రెంచ్‌లోనే. తన వైపు వేలు చూపించుకుని పేరు చెప్పింది, మన వైపు చూపించి ఆగింది, అంతే, మనమే అర్థం చేసుకుని అదే వాక్యంలో మన పేరు అతికించి చెప్పాలి. మొదటి వారం తలనొప్పితో ఇంటికెళ్ళాను, రెండో వారానికి మాత్రం తెలీకుండానే తలూపడం మొదలుపెట్టాను.

అన్నిటికన్నా ఏడిపించినవి అంకెలు. అరవై తొమ్మిది దాకా బండి బాగానే నడుస్తుంది. డెబ్భై అంటే 'అరవై పది'. ఎనభై అంటే 'నాలుగు ఇరవైలు'. తొంభై తొమ్మిది అంటే 'నాలుగు ఇరవైల పందొమ్మిది'. ఇది వింతగా ఉందని నవ్వుకుంటే సరిపోదు, ఎందుకంటే వాళ్ళు ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చదువుతారు. టీచరు డిక్టేషన్ చెప్తోంది, 'కాత్ర్-వాఁ' అనగానే నా పెన్ను 8 వేసేసింది, ఆ వెంటనే 'దీసెత్' అంది, అంటే అది 97. ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దేలోపు తర్వాతి జత వెళ్ళిపోయింది. క్లాసయ్యాక చుట్టూ చూస్తే అందరి కాగితాల మీదా అదే, తొమ్మిదిగా మారబోయి మధ్యలో ఆగిపోయిన ఎనిమిదులు. బెల్జియంలోనూ స్విట్జర్లాండ్‌లోనూ డెబ్భైకి సెప్తాంత్ అనీ తొంభైకి నోనాంత్ అనీ శుభ్రంగా ఒక్కో మాట ఉందట. ఆ సంగతి ఎవరో చెప్తే టీచరు భుజాలెగరేసి ఊరుకుంది.

కానీ ఒక చోట మాత్రం తెలుగు మీడియంలో చదువుకున్నందుకు మొదటిసారి లాభం కలిగింది. ఫ్రెంచ్‌లో మాట చివరి హల్లు చాలాసార్లు రాస్తారు కానీ పలకరు, పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే మాత్రం అది లేచి కూర్చుంటుంది. లే, ఆమీ విడివిడిగా ఉన్నవి కలిస్తే లేజామీ. 'ల' పక్కన ఆమీ వస్తే మొదటి అచ్చు ఎగిరిపోయి లామీ. క్లాసులో అందరూ దీన్ని కొత్త రోగంలా చూస్తుంటే నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ అవట్లేదా? ఇంకా విచిత్రం, 'అతనికి ఉందా' అని అడగడానికి 'ఆ' అనే క్రియనీ 'ఈల్' అనే సర్వనామాన్నీ పక్కపక్కన పెడితే మధ్యలో ఎక్కడినుంచో ఓ 'త' వచ్చి 'ఆతీల్' అవుతుంది. నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం అయినప్పుడు మధ్యలో 'ట' వచ్చినట్టే. టుగాగమ సంధి! సూత్రం బట్టీపట్టించిన మా తెలుగు మాస్టారు వింటే మురిసిపోయేవారు. రెండిటికీ చుట్టరికం ఏమీ లేదు, ఆ 'త' కథ లాటిన్ నుంచి వచ్చింది, అయినా ఆ రోజు క్లాసులో ఆ ప్రశ్నకి చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

'తు', 'వు' దగ్గరికొచ్చేసరికి ఆ గర్వం దిగిపోయింది. తు అంటే నువ్వు, వు అంటే మీరు. ఇది మనకి పుట్టుకతో వచ్చిన విద్యే కదా అనుకున్నాను. చిక్కేంటంటే క్లాసులో అందరం తోటి విద్యార్థులం కాబట్టి అందరూ తు అనుకోవాలంది టీచరు. నా పక్క కుర్చీలో ఉన్నాయనకి అరవై ఎనిమిదేళ్ళు. ఎక్కడో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఫ్రెంచ్ ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగితే అడిగినప్పుడల్లా ఒక కొత్త కారణం చెప్తారు. ఆయన్ని నువ్వు అనడానికి నోరు రాలేదు. వ్యాకరణం తెలుసు, వాక్యం తెలుసు, నాలుక మాత్రం తిరగదు. జంటగా డైలాగు చెప్పమన్నప్పుడల్లా నేను వు అనడం, టీచరు తు అని దిద్దడం. చివరికి ఆయనే "ఇక్కడ నేను నీకు పెద్దవాణ్ణి కాదయ్యా, నీలాగే ఎ1 గాణ్ణి, మొదటి మెట్టువాణ్ణి, అనెయ్" అన్నారు. అనేశాను. క్లాసు దాటి మెట్ల మీదికి రాగానే మళ్ళీ మీరు, అండీ.

జనవరిలో అక్కడ ఓ చిన్న వేడుక జరుగుతుంది. బాదం ముద్ద పెట్టి చేసిన పొరల కేకు ఒకటి తెస్తారు, గాలెత్ దే ర్వా, రాజుల గాలెత్ అన్నమాట. లోపల ఎక్కడో ఓ చిన్న పింగాణీ బొమ్మ దాచి ఉంటుంది, దాన్ని ఫేవ్ అంటారు, ఒకప్పుడు నిజంగా చిక్కుడు గింజే పెట్టేవాళ్ళట. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి కాగితం కిరీటం. కోసేవాళ్ళు మోసం చెయ్యకుండా, అందరికన్నా చిన్నవాళ్ళు బల్ల కింద దూరి ఏ ముక్క ఎవరికో అక్కడినుంచే పేర్లు అరవాలి. మా బ్యాచ్‌లో చిన్నది పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, ఫోన్ పట్టుకునే బల్ల కిందికి దూరింది. బొమ్మ నాకే వచ్చింది, ముందే చెప్పినా మర్చిపోయి గట్టిగా కొరికాను, పంటికింద రాయి పడ్డట్టు. ఫొటోలో తలమీద కిరీటం ఉంది, చెయ్యి మాత్రం దవడ మీదుంది.

ఇన్నాళ్ళూ నేను దీన్ని ఒక కోచింగ్ సెంటర్‌లాగే చూశాను. ఫీజు కట్టాం, పాఠం చెప్పారు, అంతే. ఫీజుతోపాటు కట్టిన మెంబర్‌షిప్ ఏదో లైబ్రరీ కార్డు కోసం అనుకున్నాను. ఓ శుక్రవారం ఈమెయిల్ వచ్చింది, సభ్యుల వార్షిక సర్వసభ్య సమావేశం అని. నా పక్క కుర్చీ పెద్దాయన రమ్మన్నారు. తినడానికేమైనా పెడతారేమో అని వెళ్ళాను, అబద్ధం ఎందుకు.

కోరం లేదు. అధ్యక్షుడు గడియారం చూసి, నియమావళి ప్రకారం అరగంట వాయిదా వేస్తున్నామని ప్రకటించారు, అందరం అవే కుర్చీల్లో అరగంట కూర్చున్నాం, తర్వాత అదే సమావేశం మళ్ళీ మొదలైందన్నారు. మొత్తం పదిహేడుమందిమి. కోశాధికారి ప్రొజెక్టర్ మీద లెక్కలు పెట్టారు. ఆయన జీతగాడు కాదు, కమిటీలో ఉన్నవాళ్ళెవరికీ జీతాల్లేవు, సాయంత్రాలు వచ్చి ఈ పని చూసుకుంటారు. ఆ తెర మీద చూశాకే నా బుర్రకెక్కింది: ఎంబసీ డబ్బుతో నడుస్తోందనుకున్న ఈ సెంటర్ నిజానికి మా ఫీజులతో నడుస్తోంది. టీచర్ల జీతాలు, కరెంటు బిల్లు, ఆ కాఫీ మెషీన్, నెలకో సినిమా, అన్నీ. పారిస్ నుంచి నెలనెలా వచ్చే చెక్కేమీ లేదు.

ఇంటికొచ్చి దీని గురించి చదవడం మొదలుపెడితే రాత్రి రెండయింది. ప్రపంచంలో 130కి పైగా దేశాల్లో సుమారు 800 ఆలియాన్స్‌లున్నాయి. ప్రతిదీ ఆ దేశపు చట్టం ప్రకారం స్థానికులు రిజిస్టర్ చేసుకున్న సంఘం, లాభాపేక్ష లేదు, మతం, రాజకీయం జోలికి పోకూడదు. పారిస్‌లో ఉన్న ఫౌండేషన్ ఆ సంఘం నియమావళి చూసి, సరే అంటే ఆ పేరు వాడుకోనిస్తుంది. పెద్ద సెంటర్లలో చాలావాటికి ఫ్రెంచ్ విదేశాంగ శాఖ డైరెక్టర్‌ని పంపిస్తుంది, ఆయనో ఆవిడో కొన్నేళ్ళుండి వెళ్ళిపోతారు, తర్వాత ఇంకొకరు వస్తారు. కమిటీ మాత్రం అక్కడివాళ్ళదే. ఆంస్తితూ ఫ్రాన్సే అని ఇంకో రకం సెంటర్లున్నాయి, అవి ఎంబసీకి చెందినవి, నేను మొదట్లో ఊహించుకున్న రకం. 1934లో పుట్టిన బ్రిటిష్ కౌన్సిల్, 1951 నాటి గోథె ఇన్‌స్టిట్యూట్ కూడా కేంద్ర సంస్థకి శాఖల్లా నడిచేవే. ఆలియాన్స్ పద్ధతి వేరు: పేరు అక్కడిది, బాధ్యత, లెక్కలు, తలనొప్పి ఇక్కడివి. అంటే నేను మొదటి రోజు ఫోన్లో అన్నది మరీ తప్పేం కాదన్నమాట.

దీని పుట్టుక మాత్రం అంత ముచ్చటైంది కాదు. 1883 జులై 21న పారిస్‌లో మొదలైంది. దౌత్యవేత్త పాల్ కాంబోన్, భూగోళ శాస్త్రజ్ఞుడు పియేర్ ఫోన్సిన్ ముందుండి నడిపారు. సూయజ్ కాలువ తవ్వించిన లెసెప్స్, శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, రచయిత జూల్ వెర్న్ లాంటివాళ్ళు మొదట్లో అండగా నిలిచారు. దాని పూర్తి పేరు చదివితే సంగతి అర్థమవుతుంది: వలసరాజ్యాల్లోనూ విదేశాల్లోనూ జాతీయ భాషను వ్యాప్తి చెయ్యడానికి ఆలియాన్స్ ఫ్రాన్సేజ్. జాతీయ భాష అంటే ఫ్రాన్స్ జాతీయ భాష, వినేవాళ్ళది కాదు. 1870-71లో జర్మన్ రాజ్యం ప్రష్యా చేతిలో చావుదెబ్బ తిని, ఆల్సేస్ ప్రాంతం పోగొట్టుకుని, పోయిన పరువు భాషతోనైనా తెచ్చుకుందామని చూస్తున్న రోజులవి. అంతకు రెండేళ్ళ ముందే ట్యునీసియాని తమ రక్షణలోకి తెచ్చుకున్నారు, కాంబోన్ అక్కడ ఫ్రాన్స్ ప్రతినిధి. కాబట్టి ఇదంతా సంస్కృతి మీద ప్రేమే అని ఎవరైనా అంటే నేను నమ్మను.

కానీ ఆ ఏర్పాటులోనే ఓ మెలిక ఉంది. సెంటర్ పెట్టుకునేది, నడుపుకునేది ఎక్కడివాళ్ళక్కడ. మరుసటి ఏడాదే, 1884లో, బార్సిలోనాలో ఒకటి మొదలైంది, అది ఫ్రాన్స్ వలసేం కాదు కదా. వలసలు పోయాయి, పేరులోంచి ఆ మాటా పోయింది, సంఘాలు మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పారిస్ పట్టుకుని అక్కడి కేంద్ర కార్యాలయం మూసేస్తే, బయట దేశాల్లో ఉన్నవి నడుస్తూనే ఉన్నాయి. అరవై ఏళ్ళ పండగ 1943 అక్టోబర్ 30న అల్జీర్స్‌లో జరిగింది, జర్మన్లకి ఎదురు నిలిచిన ఫ్రాన్స్ నాయకుడు ద గోల్ వచ్చి మాట్లాడాడు. తల తీసేసినా ఒళ్ళు నడిచిందన్నమాట, ఒకే ఆఫీసుకి శాఖలై ఉంటే అది కుదిరేది కాదని నా అనుమానం.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి, చాలామంది అడిగేది అదే. డెల్ఫ్ అంటే ఎ1 నుంచి బి2 దాకా నాలుగు మెట్లు, ఆపైన సి1, సి2 దాల్ఫ్. డిప్లొమా ఇచ్చేది ఆలియాన్స్ కాదు, ఫ్రాన్స్ విద్యాశాఖ తరఫున ఫ్రాన్స్ ఎడ్యుకాసియోన్ ఆంతెర్నాసియొనాల్ అనే సంస్థ, మన సెంటర్లు పరీక్ష పెడతాయంతే. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోటి 25 మార్కులు, మొత్తం వందకి 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5 కన్నా తగ్గకూడదు. ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. ఇక్కడే నేను బోర్లా పడ్డాను: కెనడాలో స్థిరపడడానికి అప్లై చేసే పద్ధతి, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి డెల్ఫ్ తీసుకోరు. దానికి టెఫ్ కెనడా గానీ టిసిఎఫ్ కెనడా గానీ రాయాలి, ఆ ఫలితాలు రెండేళ్ళే చెల్లుతాయి. ఇది ఎవరూ దాచిపెట్టిన రహస్యం కాదు, నోటీసు బోర్డు మీదే ఉంది, నేనే చదవలేదు. ఎ1కి ఫీజు కట్టేశాక తెలిసింది.

కట్టాం కదా అని రాశాను. మాట్లాడే పరీక్షకి ముందు పది నిమిషాలు ఇస్తారు. రెండో భాగంలో చీట్లు తీయాలి, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట, ఆ మాట పెట్టి ఎదుటివాళ్ళని ప్రశ్న అడగాలి. మూడో భాగంలో షాపుకో హోటల్‌కో వెళ్ళినట్టు నటించాలి, చెల్లించడానికి కాగితం మీద అచ్చేసిన నోట్లు, నాణేలు ఉంటాయి. నేను బేరం బాగానే ఆడాను, 'సిల్ వు ప్లే' అన్నాను, మెర్సీ అన్నాను, తీరా డబ్బులివ్వాల్సినప్పుడు టెన్షన్‌లో ఆ కాగితం నోటుని జేబులో పెట్టేసుకుని లేచాను. పరీక్ష పెట్టినావిడ చాలా మర్యాదగా చెయ్యి చాపింది. పాసయ్యాను, ఎంతతో అని అడక్కండి.

ఆ సమావేశానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు గొడవ చివర్లో వచ్చింది. పరీక్షల బ్యాచ్‌లకి చోటు చాలట్లేదు, శనివారం, ఆదివారం క్లాసులకి జనం వెనక్కి వెళ్ళిపోతున్నారు, కాబట్టి లైబ్రరీలో సగం తీసేసి రెండు గదులు కడదాం అన్నారు కోశాధికారి. పుస్తకాలు తీసుకునేవాళ్ళు తగ్గిపోయారు, కుల్త్యూర్‌తెక్ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఎలాగూ ఉంది అన్నారు. లెక్కలు ఆయన వైపే ఉన్నాయి. పెద్దాయన లేచారు. "సర్టిఫికెట్ ఇచ్చే చోట్లు వంద ఉన్నాయి, సర్టిఫికెట్ అవసరం లేని నాలాంటివాడు ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగి కూర్చున్నారు. ఆయనకి జవాబెవరూ ఇవ్వలేదు. చేతులెత్తమన్నారు. నాకు వారాంతం బ్యాచ్‌లో సీటు దొరక్క నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది, అది గుర్తొచ్చింది. గదుల వైపు చెయ్యెత్తాను. పది, ఏడు. లైబ్రరీ ఓడిపోయింది.

తర్వాతి క్లాసులో జంటగా డైలాగు చెప్పమంది టీచరు. పెద్దాయన నా వైపు తిరిగి నవ్వుతూనే అడిగారు, కానీ తు అనలేదు, వు అన్నారు. టీచరు దిద్దింది. ఆయన తలూపి మళ్ళీ వు అనే అన్నారు. నిండా రెండు వారాలు నన్ను మీరు అనే పిలిచారు. మన భాషలో తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

మూడో వారం లైబ్రరీ ఖాళీ చేస్తున్నారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి వరండాలో ఉంచారు, కావలసినవాళ్ళు తీసుకెళ్ళొచ్చని కాగితం అంటించారు. నేను క్లాసుకి వెళ్తుంటే ఆయన ఆ పెట్టెల మధ్య స్టూలేసుకుని కూర్చుని ఒక్కోటీ తీసి దుమ్ము దులుపుతున్నారు. నన్ను చూసి, అక్కడ టీచరు లేదు, ఎవరూ వినట్లేదు, అయినా ఫ్రెంచ్‌లోనే అడిగారు, "తు ఆ ఉన్ వ్వాత్యూర్?" నీకు కారుందా అని.

ఉందన్నాను. మూడు పెట్టెలు డిక్కీలో పట్టాయి, నాలుగోది వెనక సీట్లో పెట్టి బెల్టు వేశాం.